ఎల్లదుర్గానికి శత్రువు కావలెను

ఎల్లదుర్గం ఇవాళ లక్షల జనం ఉన్న మహానగరం. కానీ పుట్టినప్పుడు అదొక మట్టిగోడ. వెనకటికి ఒక పాళెగాడు తన రాజ్యం ఎక్కడితో అయిపోతుందో తనకే గుర్తుండక, మొగలేటి ఒడ్డున ఆ గోడ పెట్టించి, దాని మీద కొందరు మనుషుల్ని కూర్చోబెట్టి, "అవతలి నుంచి ఎవరైనా వస్తే అరవండి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఎవరూ రాలేదు. కూర్చున్నవాళ్లకు ఆకలైంది కాబట్టి పూటకూళ్ల ఇల్లు వచ్చింది. పూటకూళ్ల ఇంటికి పప్పుదినుసుల అంగడి వచ్చింది. అంగడి వెనకాలే షావుకారు వచ్చాడు, షావుకారు తగవులు తీర్చడానికి కచేరీ వచ్చింది. కచేరీ వచ్చాక ఇక ఊరు పెరగకుండా ఆపడం ఎవరి తరమూ కాలేదు. మట్టిగోడ రాతికోట అయింది. ఏనాడూ ఎవరూ దాడి చేయలేదు కాబట్టి అది ఏనాడూ ఓడిపోలేదు. అందుకే పాఠ్యపుస్తకాల్లో దాన్ని అజేయ దుర్గం అంటారు.

బ్యాండు మద్దిలేటికి ఈ చరిత్రతో ఏ పేచీ లేదు. అతను ఏటికి అవతల, అవతలిపేటలో ఉంటాడు. పెళ్లి ఊరేగింపులకు క్లారినెట్ వాయిస్తాడు. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, నెత్తిన ఈక పెట్టిన టోపీ అతని మేళానికి యూనిఫారం. అవతలిపేట ఒకప్పుడు వేరే రాజ్యమని అంటారు గానీ, ఏ రాజ్యమో ఆ పేటలో ఎవరికీ తెలియదు. ఇప్పుడది నగరపాలక సంస్థలో ఒక వార్డు. వంతెన దాటితే కోటవాకిలి, వాకిలి దాటితే ఆసుపత్రి, మార్కెట్టు, కార్పొరేషన్ ఆఫీసు. పేట జనం పొద్దున లేస్తే ఆ వాకిట్లోంచే బతుక్కి పోవాలి.

ఇలా ఉండగా పైనుంచి ఒక పథకం దిగింది. సరిహద్దు కోటలుగా పుట్టిన నగరాలకు భారీగా నిధులట. షరతు ఒక్కటే: ఆ సరిహద్దు నేటికీ 'సజీవంగా' ఉండాలి.

కమిషనర్ పరాంకుశం గారు గోడమీది మ్యాపు చూశారు. ఎల్లదుర్గం రాష్ట్రానికి సరిగ్గా నడిబొడ్డున ఉంది. ఏ దిక్కు పోయినా సరిహద్దు రావాలంటే ఒక రాత్రి రైల్లో పడుకోవాలి. ఆయన నిరాశపడే మనిషి కాదు. వెంటనే సమావేశం పెట్టారు.

"సరిహద్దు అనగా రెండు పక్షములు" అన్నారు ఆయన. ఆయన మాట్లాడినా ఫైలు రాసినట్టే ఉంటుంది. "ఒక పక్షము మనము. రెండవ పక్షమును సమకూర్చుకొనుట మన తక్షణ కర్తవ్యము. మొగలేరును సరిహద్దుగాను, అవతలిపేటను శత్రుదేశముగాను ప్రకటించు తీర్మానమును ప్రతిపాదించుచున్నాను."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అవతలిపేట కార్పొరేటర్ కూడా చెయ్యెత్తాడు. సమోసా ఎవరికి కావాలని అడుగుతున్నారనుకున్నాడు పాపం.

దేశం దొరికింది గానీ సైన్యం లేదు. దానికి టెండరు పిలిచారు. "శత్రువు కావలెను" అని పేపర్లో ప్రకటన పడింది. అప్పుడు మూఢం నడుస్తోంది. పెళ్లిళ్లు లేవు, మేళానికి పని లేదు. పెద్ద డ్రమ్ము వాయించే దస్తగిరి ఆ పేపరు తెచ్చి చూపించి, "అన్నా, మనకి కోట్లుండాయి, టోపీలుండాయి, సప్పుడుండాది. ఇంకేం కావల్ల శత్రువుకి?" అన్నాడు. మద్దిలేటికి సబబుగానే తోచింది.

పోటీకి ఒక నాటక సమాజం కూడా వచ్చింది. కానీ వాళ్లు చచ్చే ముందు ఒక్కొక్కరూ పద్యం పాడతామని పట్టుబట్టారు. యుద్ధం ఎప్పటికి ముగుస్తుందో చెప్పలేమని కమిటీ వాళ్లను తోసిపుచ్చింది. తర్వాత మద్దిలేటిని లోపలికి పిలిచారు.

"శత్రుత్వంలో పూర్వానుభవం ఉన్నదా?" అని అడిగారు కమిషనర్.

"మా పాలోల్లతో ఉండాది సార్. గట్టు తగాదా. మా తాత కాలం నుంచి నడుస్తాండాది."

"నిరంతరాయముగానా?"

"నడమ పండగలకి ఆపుతాం సార్."

"సంతృప్తికరము" అని రాసుకున్నారు ఆయన. "ఇక ఓటమి విషయం. కోట అజేయమైనది. కావున ప్రతి శనివారం సాయంత్రం మీరు దాడి చేసి, చీకటి పడేలోపు ఓడి, వంతెన మీదుగా పలాయనం చిత్తగించవలెను. ఓటమి నాణ్యతను ఇంజనీరింగు విభాగం తనిఖీ చేయును. సమ్మతమేనా?"

ఓడిపోవడానికి సమ్మతమేనా అని మద్దిలేటిని జీవితంలో ఎవరూ అడగలేదు. గౌరవంగానే అనిపించింది. సంతకం పెట్టాడు.

కోట పక్షానికి శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఖాదర్ వలీని దుర్గపాలకుడిగా వేశారు. మనిషి నిదానస్తుడు. నెత్తిన తలపాగా చుట్టి, తన కిందివాళ్లకు చీపురు కర్రల చివర రేకు బల్లేలు బిగించి బురుజు మీద నిలబెట్టాడు. మొదటి శనివారం జనం విరగబడి వచ్చారు. మద్దిలేటి మేళం వంతెన మీద నుంచి కదిలింది. యుద్ధానికి వాయించే పాట వాళ్లకు రాదు. పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు వాయించేదే వాయిస్తూ కోట మీద పడ్డారు. జనంలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అలవాటు కొద్దీ కళ్లొత్తుకున్నారు. పైనుంచి ఖాదర్ వలీ "పొండప్పా, పొండి" అన్నాడు. శత్రుసేన పారిపోయింది. ఇంజనీరు వచ్చి, పారిపోయేటప్పుడు దస్తగిరి నవ్వాడని అభ్యంతరం రాశాడు. మిగతాదంతా బాగుందన్నాడు.

వారం వారం ఇలాగే సాగితే ఎవరికీ ఏ చిక్కూ ఉండేది కాదు. కానీ ఆడిటువాళ్లు వచ్చారు.

శత్రుదేశానికి ఈ సంస్థ ఏ పద్దు కింద మంచినీళ్లు ఇస్తోందని అడిగారు వాళ్లు. పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు. నిజమే, చరిత్రలో ఏ కోటైనా ముట్టడించినవాడికి కుళాయి వేయించిందా? మర్నాడే అవతలిపేటకు నీళ్లు ఆగిపోయాయి, ఖాళీ బిందెతో కోటవాకిలి దాటడం నిషేధమైంది. ఆ తర్వాత చెత్తబండి రావడం మానేసింది, శత్రువు చెత్త శత్రువే ఎత్తుకోవాలట. ఆ తర్వాత వీధిదీపాలు. ఆఖరికి పొద్దు గూకగానే కోటవాకిలి మూయడం మొదలుపెట్టారు. రాత్రి డ్యూటీకి పోవలసిన నర్సమ్మలు గూఢచారులు కాదని రుజువు తెచ్చుకోవలసి వచ్చింది.

మద్దిలేటి భార్య సుంకులమ్మ ఏట్లో చెలమ తోడి బిందె నింపుకొచ్చి ఇంటి ముందు దించి, మొగుడి కోటు వైపు చూసింది.

"వారానికొకసారి నువ్వు ఓడిపోతే ఓడిపోతివి. పేట నీల్లు గూడా పోగొట్టుకొస్తివే. ఇంగ మనం దేంతో బతకల్ల, నీ క్లారినెట్లో ఉమ్ముతోనా?"

"నేనేం జేతునమ్మే? ఒట్టి ఆటే అనుకుంటి."

"వాల్లకి ఆట అని చెప్పినావా?"

అతను చెప్పలేదు. వాళ్లు అడగనూ లేదు. పేటలో జనం అతన్ని చూసి మొహం తిప్పుకుంటున్నారు. నిన్నటి దాకా 'బ్యాండు మాస్టరు' అన్నవాళ్లు ఇప్పుడు 'శత్రువు' అంటున్నారు. ఆ మాటకొస్తే వాళ్లూ శత్రువులేనని అతను మనసులోనే అనుకునేవాడు.

అంతలో దస్తగిరి భార్య మాబున్ని, నిండు చూలాలు, చెలమ దగ్గర తడిరాళ్ల మీద జారి పడింది. పొద్దుగూకే వేళకు నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో వేసుకుని వంతెన దాటేసరికి వాకిలి మూసేశారు. దస్తగిరి తలుపు మీద డ్రమ్ము కొట్టినట్టు కొట్టాడు. పక్కనే మద్దిలేటి, సుంకులమ్మ. పైనుంచి ఖాదర్ వలీ తొంగి చూశాడు.

"దీపాలు పెట్టినాక శత్రువుని లోపలికి రానీగూడదప్పా. వాకిలికి కెమెరా పెట్టినారు, పైవాల్లకి కనిపిస్తాది. ఖైదీలైతేనే రానియ్యల్ల." అంటూనే ఏదో తట్టినవాడిలా గబగబా మెట్లు దిగి, చిన్నతలుపు తీసి బయటికి వచ్చాడు. "మ్మా, మాబున్నీ, నా మీద ఏమన్నా ఇసురు."

"ఏందన్నా నువ్వనేది, నా పానం పోతాంటే!"

"అందుకే అంటాండా. ఇసురు తల్లీ, తొందరగా!"

మాబున్ని నొప్పికి, కోపానికి కాలి చెప్పు తీసి విసిరింది. అది పోయి తలపాగాను ఎగరగొట్టింది.

"దాడి!" అని కేక పెట్టాడు ఖాదర్ వలీ కెమెరా వైపు తిరిగి. "శత్రువు చేజిక్కింది! ఖైదీకి గాయాలు! ఆసుపత్రికి పోనీండ్రా!"

ఆ రాత్రి మాబున్నికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. దస్తగిరి ఖాదర్ వలీ చేతులు పట్టుకుని ఏడ్చాడు. కానీ ఆసుపత్రి నుంచి పంపించే రోజు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. ఖైదీని ఊరికే వదలకూడదట. బదులుగా కోటవాళ్ల ఖైదీ ఒకరిని పేటవాళ్లు ఇవ్వాలి. అవతలిపేట దగ్గర ఖైదీలు లేరు. "మా ఇంటికి టీకి రా సార్, నిన్ను పట్టుకుంటాం" అని మద్దిలేటి ఖాదర్ వలీని అడిగాడు. వస్తానన్నాడు గానీ, పట్టుబడాలంటే ముందుగా సెలవు మంజూరు కావాలట. సెలవు రాలేదు. పసిబిడ్డ పేరు మీద కూడా 'చిన్నఖైదీ' అని ఒక ఫైలు తెరిచారు. ఖైదీలను చూడనివ్వరు కాబట్టి దస్తగిరి రోజూ ఆసుపత్రి వాకిలి బయట నిలబడి, లోపల ఎక్కడో ఏడుస్తున్న ప్రతి బిడ్డా తన బిడ్డే అనుకునేవాడు.

మద్దిలేటి ఎర్రకోటు విప్పేసి, మామూలు చొక్కాతో కమిషనర్ దగ్గరికి పోయాడు.

"మీరు శత్రువు హోదాలో వచ్చితిరా, పౌరుని హోదాలోనా?" అన్నారు పరాంకుశం గారు తలెత్తకుండానే.

"నీల్లు లేనోని హోదాలో వచ్చినా సార్. ఆ బిడ్డని, తల్లిని ఇడ్సండి. పేటకి నీల్లియ్యండి. నాకు ఈ కాంట్రాక్టు వొద్దు."

"శత్రువు వినతి చేయుటకు నిబంధనలలో వీలు లేదు." ఆయన గొంతులో కోపమేమీ లేదు. తెలియని పిల్లవాడికి పాఠం చెబుతున్న ఓపిక ఉంది. "వినతి అనునది మన పౌరుడు చేసుకొనేది. శత్రువు అయినవాడు తనకు కావలసినది యుద్ధమున గెలుచుకొనవలెను. అది అనాదిగా వచ్చుచున్న ఆచారము. అయితే మీ ఒప్పందము ప్రకారము మీరు గెలువరాదు. కావున మీ కోరిక తీరుటకు మార్గము కనిపించుట లేదు. వ్యక్తిగతముగా నాకు మిక్కిలి విచారముగా ఉన్నది."

మద్దిలేటి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండును అనిపించింది. తిట్టినవాడితో తగవు పెట్టుకోవచ్చు. విచారపడేవాడితో ఏం పెట్టుకోవాలి?

శనివారం వచ్చింది. ఆ రోజు కోట పుట్టినరోజు కూడా. దాడి మామూలుకంటే ఘనంగా ఉండాలనీ, దాన్ని పైవాళ్లు నేరుగా తెర మీద చూస్తారనీ కబురొచ్చింది. మేళం బయలుదేరింది. వెనక చూస్తే సుంకులమ్మ ఖాళీ బిందెతో వస్తోంది. ఆమె వెనక పేటలో ఆడవాళ్లంతా బిందెలతో వస్తున్నారు.

"యాడికే?"

"నువ్వు ఓడిపోయేలోపల ఒక బిందె పట్టుకొద్దామని."

వాకిలి బార్లా తెరిచి ఉంది. బురుజు మీద ఒక్క మనిషి లేడు. రేకు బల్లేలు గోడకు ఆనించి ఉన్నాయి. మద్దిలేటి గడప దగ్గర ఆగిపోయాడు. వెనక మేళం పెళ్లికూతుర్ని సాగనంపుతూనే ఉంది. అతను ఫోను తీశాడు.

"ఖాదర్ సార్, ఓడిపోదామని వచ్చినాం. ఎవురూ ల్యారే?"

అవతలి నుంచి గుసగుసగా జవాబు వచ్చింది. "టౌన్‌హాల్లో ఉండామప్పా. కోట పుట్టినరోజని అప్రమత్తత మీద శిక్షణ. కమిషనర్ సారే చెప్తాండారు. అందరం హాజరుకి వేలిముద్రలు పెట్టినాం, అయిపోయేదాకా ఇడ్సరు."

"ఒక్కరినన్నా పంపు సార్. చూసి పారిపోతాం."

"తలుపు బయట గొళ్లెం పెట్టినారప్పా!"

మద్దిలేటి ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెళ్లికూతురు పాట అయిపోవచ్చింది. ఎదురుగా ఎవరూ లేకుండా ఎలా ఓడిపోవాలో ఒప్పందంలో రాయలేదు. వెనక్కి తిరిగి పరిగెత్తితే సరిపోతుందా? ఎవర్ని చూసి పరిగెత్తినట్టు? అతను ఆ సందిగ్ధంలో ఉండగానే సుంకులమ్మ బిందెతో అతన్ని పక్కకు నెట్టింది.

"జరుగు."

ఆమె గడప దాటింది. ఆడవాళ్లంతా దాటారు. దస్తగిరి మెడలో డ్రమ్ము తీసి అక్కడే పడేసి ఆసుపత్రి వైపు పరిగెత్తాడు. పుట్టి ఇన్ని వందల ఏళ్లయ్యాక, అజేయమైన ఎల్లదుర్గం ఆ విధంగా పతనమైంది. రక్తపాతం ఏమీ లేదు. నడివీధి కుళాయి దగ్గర కొంచెం తోపులాట జరిగింది, అంతే.

పైవాళ్లంతా తెర మీద చూశారు కాబట్టి కోట ఓడలేదని రాయడానికి లేదు. పరాంకుశం గారు తన వృత్తిధర్మం తప్పలేదు. మద్దిలేటిని ఆఫీసుకు పిలిపించి, అతను రాగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నగరము తమ అధీనములోనికి వచ్చినది. ఇక ఆదేశములు తమరివే. ఆసీనులు కండి."

మద్దిలేటి ఆ కుర్చీ వైపు చూసి, ఎదుటివాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. సుంకులమ్మ నిండుబిందె చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"మాబున్నిని, బిడ్డని ఇడ్సల్ల" అన్నాడు.

"వారు ఇప్పుడు విజేతల పక్షము. ఎప్పుడో వెళ్లిపోయినారు."

"పేటకి నీల్లు రావల్ల. వాకిలి మూయగూడదు."

"చిత్తము. ఇప్పుడే ఇచ్చెదము." ఆయన ఒక కాగితం ముందుకు జరిపారు. "ఒక్క సాంకేతిక సమస్య. సరిహద్దు సజీవముగా ఉండనిచో నిధులు నిలిచిపోవును. అవతలిపేట మన పక్షమైనది కనుక వేరొక శత్రువు అవసరము. రైలుకట్ట అవతల సున్నపుబట్టీల కాలనీ అనువుగా ఉన్నది. వారికి నీరు ఎటులనూ సరిగా రాదు. అలవాటుపడిన జనము. తమరు సంతకము చేసిన చాలును."

మద్దిలేటి కలం తీసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన అతనికి గుండె బరువు దిగినట్టయింది. ఇక మనం కాదు, వేరే ఎవరో. సున్నపుబట్టీల వైపు అతను ఎప్పుడూ పోయింది కూడా లేదు. కలం కాగితానికి ఆనింది.

"ఆడ మాత్రం పురుడు పోసుకునేటోల్లు ఉండరా?" అంది సుంకులమ్మ గుమ్మం దగ్గర నుంచి. గట్టిగా కూడా అనలేదు.

అతను కలం కింద పెట్టేశాడు. సిగ్గేసింది. కాసేపు ఫ్యాను వైపు చూశాడు, బీరువాల వైపు చూశాడు, చేతులు కట్టుకు నిలబడ్డ పరాంకుశం గారి వైపు చూశాడు.

"శత్రువు ఎవురో ఒకరు ఉండాల్సిందే అంటారు."

"తప్పనిసరి."

"అట్లయితే ఈ ఆపీసే పెట్టండి సార్. దీనికి ప్రహరీ ఉండాది, గేటుండాది. లోపలికి పోవాలంటే ఎట్లాగూ యుద్ధమే."

పరాంకుశం గారు నిబంధనలు తిరగేశారు. శత్రువు ఎక్కడ ఉండకూడదో ఎక్కడా రాసి లేదు. గెలిచినవాడి ఆదేశం కాదనడానికీ వీల్లేదు. ఆయన తానే ఆ వాక్యాన్ని శుద్ధమైన భాషలో చక్కగా రాసి, తానే చదివి, తానే ముద్ర వేశారు.

ఆఫీసుకు కుళాయి కట్ చేశారు. ఆఫీసర్లు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకోసాగారు. దీపాల వేళకు బయటపడకపోతే మర్నాటి దాకా లోపలే ఉండాలి కాబట్టి, కాగితాలు చకచకా కదలసాగాయి. ఇక శనివారాల సంగతి చెప్పనక్కర్లేదు. మద్దిలేటి మేళం గేటు మీద పడితే, వెనకాలే ఎన్నేళ్లుగానో తిరుగుతున్న జనమంతా అర్జీలతో పడేవాళ్లు. పింఛను రాని ముసలమ్మలు ముందు వరుసలో ఉండేవాళ్లు. ఒప్పందం ప్రకారం శత్రువు ఓడితీరాలి. ఓడినవాడు సంతకం పెట్టితీరాలి. సున్నపుబట్టీల కాలనీకి పైపులైను అలాంటి ఒక ఓటమిలోనే మంజూరైంది. దస్తగిరి కూతురికి జనన పత్రం ఇంకో ఓటమిలో వచ్చింది.

ఆఖరికి పథకం పరిశీలనకు పైనుంచి పెద్దలు వచ్చారు. సరిగ్గా దాడి సమయం. క్లారినెట్ మోగుతోంది, గేటు ఊగుతోంది, ముసలమ్మలు కేకలు పెడుతున్నారు. ఇంత సజీవమైన సరిహద్దును ఎక్కడా చూడలేదని పెద్దలు తబ్బిబ్బయ్యారు. ప్రహరీ మీద ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి ఉన్న ఒక పెద్దమనిషి వాళ్లకు కనిపించాడు.

"తమరు ఎవరండీ?" అని అడిగారు.

"ఈ నగర కమిషనర్‌ను" అన్నారు పరాంకుశం గారు, ఆ ఎత్తు నుంచే నమస్కరించి. "ప్రస్తుతము శత్రువుగా పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహించుచున్నాను."

ఆ మాట అంటూనే ఆయన అవతలికి దూకి, ఏ ఇంజనీరూ వంక పెట్టలేనంత చక్కగా పారిపోయారు.